రోగి వెంట వచ్చినవాళ్లు

1952లో ఫ్రాన్స్‌లో క్లోర్‌ప్రోమజీన్ అనే మందును మానసిక రోగులకు ఇవ్వడం మొదలుపెట్టారు. ఏళ్లకేళ్లు ఆసుపత్రి గోడల మధ్య మగ్గినవాళ్లు దాంతో ఇళ్లకు వెళ్లగలిగారని మనోవైద్య చరిత్ర రాసినవాళ్లంతా చెబుతారు. నిజమే. మరి ఆ ఇళ్లలో తలుపు తీసిందెవరు? పొద్దున్నే మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడిందెవరు? మందుకు చరిత్ర ఉంది, దాన్ని వాడుకలోకి తెచ్చినవాళ్లకు బహుమతులొచ్చాయి. ఆ మందును దశాబ్దాల పాటు రోజూ రోగి చేత మింగించిన తల్లి గురించి, భార్య గురించి, అక్క గురించి ఆ చరిత్రలో ఒక్క పేరా కూడా వెతికినా దొరకదు.

నేను ఆ అక్కల్లో ఒకదాన్ని. మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. డిగ్రీ చదివే వయసులో మొదలైంది, ఇప్పుడు వాడి జుట్టు నెరిసింది. ఇంటి మనిషి చేసే చాకిరీ రోగిని నిలబెడుతుందని మనోవైద్య పరిశోధన తనంతట తానే ఒకటికి నాలుగుసార్లు తేల్చుకుంది. తేల్చుకుని, మళ్లీ మమ్మల్ని తీసుకెళ్లి వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టింది. నా గొడవంతా దానితోనే.

అమృత్‌సర్ సంగతి ఎంతమందికి తెలుసు? దేశ విభజన తర్వాత, 1950లో లాహోర్ మానసిక ఆసుపత్రి నుంచి వందల మంది హిందూ, సిక్కు రోగులను సరిహద్దు దాటించి ఇటు పంపారు. మంటో రాసిన ‘టోబా టేక్ సింగ్’ కథకు నేపథ్యం ఆ మార్పిడే. అలా వచ్చినవాళ్లలో చాలామంది అమృత్‌సర్ చేరారు. ఆసుపత్రి కిక్కిరిసిపోయింది, చూసుకునే చేతులు చాలలేదు. అక్కడి సూపరింటెండెంట్ డాక్టర్ విద్యాసాగర్ 1950లలో రోగుల బంధువులనే రమ్మన్నారు. ఆవరణలో గుడారాలు వేయించి, రోగితో పాటు అక్కడే ఉండనిచ్చారు. వాళ్లు తమ మనిషిని దగ్గరుండి చూసుకున్నారు. సాయంత్రాలు డాక్టరు చుట్టూ కూర్చుని ఈ జబ్బేమిటో, ఇలాంటి మనిషితో ఎలా మసలుకోవాలో విన్నారు, తమకు తోచింది చెప్పారు. రోగులు త్వరగా తేరుకుని ఇంటిదారి పట్టారు. వాళ్లను తీసుకెళ్లిన కుటుంబాలు జబ్బు గురించి తెలిసిన కుటుంబాలయ్యాయి.

దాదాపు అదే కాలంలో, 1957లో, వేలూరు సీఎంసీ వాళ్లు మానసిక ఆరోగ్య కేంద్రం తెరిచి, రోగి వెంట ఇంటి మనిషి ఉండే పద్ధతే పెట్టారు. ఐరోపాలో, అమెరికాలో కుటుంబాన్ని గేటు బయటే ఆపేస్తున్న రోజులవి. మనోవైద్యానికి ఈ దేశం సొంతంగా ఇచ్చిన ఆలోచన ఏదంటే నేను దీన్నే చూపిస్తాను. అయితే విద్యాసాగర్ పెద్దగా ఏమీ అచ్చువేయించలేదు. ఆయన చేసింది ఆ తరం డాక్టర్ల జ్ఞాపకాల్లో మిగిలింది. తర్వాత దాన్ని ప్రస్తావించినవాళ్లలో చాలామంది సిబ్బంది కొరతకు చేసుకున్న సర్దుబాటుగా చెబుతారు. ఆ మాట వింటే నాకు కడుపు రగులుతుంది. చికిత్స అయినదాన్ని సర్దుబాటు అనడం ఏమిటి?

ఆ రోజుల్లోనే సముద్రానికి అవతల ఏం జరుగుతోందో కూడా చెప్పాలి. స్కిజోఫ్రీనియా తెచ్చిపెట్టేది తల్లి ప్రవర్తనేనని 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ రాశారు. 1956లో గ్రెగరీ బేట్సన్ బృందం, తల్లి నోట ఒకటి, ముఖాన ఒకటి చూపడం వల్ల బిడ్డ మనసు చెదురుతుందన్న సిద్ధాంతం తెచ్చింది. తర్వాత జరిగిన పరిశోధనల ముందు ఆ సిద్ధాంతాలు నిలవలేదు, పుస్తకాల్లోంచి తప్పుకున్నాయి. నింద మాత్రం తప్పుకోలేదు. “గారాబం చేసి చెడగొట్టింది”, “ఏ పాపం చేసుకుందో” అన్న మాటలు మా అమ్మ పోయేదాకా పడింది. అన్నవాళ్లెవరూ బేట్సన్‌ని చదవలేదు. చదివినవాళ్లు కూడా ఆమెతో “నీ తప్పేం లేదమ్మా” అనలేదు.

తర్వాత లండన్ వాళ్ల లెక్క వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లిన రోగులు కొందరు మళ్లీ ఎందుకు జబ్బుపడుతున్నారని జార్జ్ బ్రౌన్ మొదలుపెట్టిన పరిశోధన అది. ఇంట్లోవాళ్లు రోగిని ఎంత విమర్శిస్తున్నారు, ఎంత కసిగా మాట్లాడుతున్నారు, ఎంత అతిగా వెంటపడుతున్నారు అని గంటల కొద్దీ ఇంటర్వ్యూలు చేసి తూచారు. వాన్, లెఫ్ 1976లో రాసిన వ్యాసంలో ఇంకో కొలత ఉంది: అలాంటి ఇంటి మనిషితో రోగి వారానికి 35 గంటలకు మించి ఎదురెదురుగా గడిపితే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని. ఆ పరిశోధన పనికిమాలినదని నేననను. కోపంగా అరిచినందుకు మర్నాడు వాడి ముఖం ఎలా మారిపోతుందో నాకు తెలుసు. కానీ రెండు గదుల ఇంట్లో, తలుపులు లేని వంటింటి పక్కన బతికే మాకు ఆ 35 గంటలు మూడు రోజులు తిరక్కుండానే పూర్తవుతాయి. ఇలాంటి ఇళ్లను కొలిచేందుకు కాదు ఆ కొలబద్ద తయారైంది. చండీగఢ్‌లో ఎన్.ఎన్. విగ్ బృందం అదే పద్ధతిలో కొలిచి 1987లో ఫలితాలు ఇచ్చింది. లండన్ కంటే అక్కడ తీవ్రంగా విమర్శించే ఇళ్లు బాగా తక్కువ. పల్లెల్లో మరీ తక్కువ. ఈ ఫలితం చూశాక అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ ఇళ్లు అంత ఓర్పుగా ఎలా ఉండగలుగుతున్నాయి, వాళ్లేం చేస్తున్నారు? అది తెలుసుకోవడానికి ఎంతమంది మా ఇళ్లకు వచ్చారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1960ల చివర్లో 9 కేంద్రాల్లో స్కిజోఫ్రీనియా మీద పెద్ద అధ్యయనం మొదలుపెట్టింది. మొత్తం 1,202 మంది రోగులు. మన దేశం నుంచి ఆగ్రా ఉంది. రెండేళ్ల తర్వాత చూస్తే ఆగ్రా, నైజీరియాలోని ఇబాదాన్ వంటి చోట్ల రోగులు సంపన్న దేశాల వాళ్ల కంటే మెరుగ్గా ఉన్నారు. ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. కారణం కుటుంబమేనా, జబ్బు హఠాత్తుగా మొదలైన కేసులు ఇక్కడ ఎక్కువుండటమా, లెక్కల్లో తేడానా అన్న వాదన ఇప్పటికీ సాగుతోంది. సాగనివ్వండి. నా మనసు కలుక్కుమనేది వేరే చోట. ఆ వాదనలో కుటుంబం ఎప్పుడూ ‘సంస్కృతి’ అనే పేరుతోనే కనిపిస్తుంది. సంస్కృతికి నిద్ర చాలకపోవడం ఉండదు, మోకాళ్ల నొప్పులుండవు, సెలవులు అయిపోయి జీతం కోత పడటం ఉండదు.

బెంగళూరులో పాయ్, కపూర్ అనే పరిశోధకులు ఆ నొప్పులను లెక్కలోకి తెచ్చారు. 1981లో వాళ్లు తయారుచేసిన 24 ప్రశ్నల పట్టికలో డబ్బు, ఇంటి దినచర్య, తీరిక, ఇంట్లోవాళ్ల మధ్య మాటలు, మిగతావాళ్ల ఒంటి ఆరోగ్యం, మనసు ఆరోగ్యం అన్నీ ఉన్నాయి. అంతటితో ఆగలేదు వాళ్లు. కొందరు రోగులను ఆసుపత్రిలో చేర్చి, కొందరిని ఇంట్లోనే ఉంచి నర్సును ఇంటికి పంపి, తేడా చూశారు. ఇంటికి నర్సు వెళ్లిన రోగుల పరిస్థితే మెరుగ్గా ఉంది, కుటుంబం మీద భారం కూడా తగ్గింది. ఖర్చూ తక్కువే. నలభై ఏళ్లు దాటింది ఆ ఫలితం వచ్చి. గర్భిణి ఇంటికి ఏఎన్ఎం వస్తుంది, క్షయ రోగి మాత్రలు వేసుకుంటున్నాడా అని ఆశా కార్యకర్త అడుగుతుంది. మా గడపలోకి ఏ నర్సమ్మా రాలేదు.

ఆ 24 ప్రశ్నల పట్టిక మాత్రం బాగా బతికింది. మనోవైద్యంలో పీజీ చేసే పిల్లలు థీసిస్ కోసం దాన్ని ఓపీ వరండాలోకి పట్టుకొస్తారు. ఒకమ్మాయి నన్నూ అడిగింది. చాలా మర్యాదగా, ఓపిగ్గా రాసుకుంది. “ఇందులో ఏం తేలిందో చెబుతావామ్మా?” అన్నాను. “తప్పకుండా చెబుతానాంటీ” అంది. మళ్లీ కనిపించలేదు. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, చదువు ముగించుకుని వెళ్లిపోయి ఉంటుంది. మా కష్టాన్ని అంకెగా మార్చి, ఆ అంకెను గ్రంథాలయంలో అట్టవేసి దాచేసే పద్ధతి మీదే కోపం. మేం ఏం పోగొట్టుకున్నామో అడిగారు. మాకేం తెలుసో అడగలేదు.

మాకు చాలా తెలుసు. జబ్బు తిరగబెట్టే ముందు నిద్ర పోతుందని పుస్తకాల్లో ఉంటుంది. మా వాడికి నిద్ర కంటే ముందు రుచి పోతుంది. కూరలో ఏదో కలిపారంటాడు. నా చేత్తో పెట్టినా ముందు నన్నో ముద్ద తినమంటాడు. ఆ తర్వాత టీవీ ఆపేయమంటాడు, తర్వాత వీధివైపు కిటికీ మూస్తాడు. ఈ వరస మారదు. ముద్ద దగ్గరే పసిగట్టి డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే మోతాదు కాస్త పెంచితే సరిపోతుంది, కిటికీ దాకా వస్తే ఆసుపత్రిలో చేర్చాల్సిందే. క్లోజపీన్ అనే మందు మొదలుపెట్టినప్పుడు తెల్ల రక్తకణాలు పడిపోతాయేమోనని మొదటి 18 వారాలూ వారం వారం రక్తపరీక్ష చేయించాలి. సూదంటే వణికిపోయే మనిషిని ల్యాబు దాకా నడిపించిన ఉపాయం ఏ మందుల చీటీలోనూ లేదు. జొల్లు కారి తలగడ తడిసిపోతే ఏం చేయాలో, ఒళ్లు పెరిగిపోతుంటే ఆకలి పేచీని ఎలా దాటించాలో, మాత్ర నాలుక కింద దాచాడా మింగాడా గొంతును బట్టి ఎలా కనిపెట్టాలో ఊరూరా వేల మంది ఆడవాళ్లు ఎవరికి వాళ్లు, మొదటి నుంచి మళ్లీ మళ్లీ నేర్చుకుంటున్నారు. ఇదంతా రోగి ప్రవర్తన మీద జరిగే పరిశోధనే. అచ్చులోకి రానిది, అంతే.

డాక్టర్లు “అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి” అంటే నేను వెళ్లి కూర్చుంటాను. రోగికి తనదంటూ ఒక మాట ఉంటుంది, అది అక్క ముందు చెప్పలేకపోవచ్చు. కుటుంబాలన్నీ మంచివని కూడా నేననను. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది అగ్నిప్రమాదంలో కాలిపోయారు. వాళ్లను అక్కడ వదిలి వెళ్లింది సొంతవాళ్లే. కానీ ఆ వదిలేయడానికి ముందు ఏళ్ల తరబడి ఏ సాయమూ అందని ఇల్లు ఒకటి ఉంటుంది. వాళ్లు ఏ రోజున చేతులెత్తేశారో, దానికి ముందురోజు ఎవరైనా వచ్చుంటే ఏమయ్యేదో కూడా పరిశోధన చేయాల్సిన విషయమే.

చట్టాలకు మేం కనబడ్డాం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో, ఎక్కువ తోడ్పాటు అవసరమైనవాళ్ల సంరక్షకులకు భత్యం ఇవ్వాలన్న మాట ఉంది. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, రోగి కుటుంబానికి ఆసరా ఇచ్చే సేవలు ప్రభుత్వమే ఏర్పాటు చేయాలంటుంది. లెక్కలకు మాత్రం కనబడలేదు. 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో తిరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. హైదరాబాద్ మానసిక ఆసుపత్రి పేరు చెప్పి “ఎర్రగడ్డకు పంపాలి వీణ్ని” అని సినిమాల్లో, స్నేహితుల మధ్య నవ్వుకోవడానికి మనకు తీరిక దొరికింది. ఈ రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్లలో ఒక అక్కో అమ్మో ఉద్యోగం మానేసి కూర్చుందో లెక్కపెట్టడానికి దొరకలేదు.

నాకు సన్మానాలు వద్దు, ‘త్యాగమూర్తి’ అన్న బిరుదూ వద్దు. నాకు కావాల్సినవి చిన్నవి. కేస్ షీటులో ఒక పేజీ ఇంటి మనిషి రాయడానికి వదలండి. ప్రతిసారీ రోగి బీపీ చూసినట్టే వెంట వచ్చినవాళ్ల బీపీ కూడా చూడండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మా మందులు నెల నెలా తప్పకుండా ఉంచండి, నెలకొకసారి నర్సును మా ఇంటికి పంపండి. మా మీద పరిశోధన చేసేవాళ్లు ప్రశ్నలు తయారుచేసే రోజునే మాలో ఇద్దరిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. మేం పోయాక వీళ్లను ఎవరు చూస్తారన్న ప్రశ్నను మాకొదిలేయకుండా మీ పరిశోధనాంశాల్లో మొదటి వరసలో పెట్టండి. నాలాంటి అక్కచెల్లెళ్లలో చాలామందికి ఆ ప్రశ్నతోనే తెల్లవారుతోంది.

మా అమ్మ మొదలుపెట్టిన నోటు పుస్తకాలు నా దగ్గరున్నాయి. తేదీ, మాత్ర, మోతాదు, ఎంతసేపు పడుకున్నాడు, ఏం తిన్నాడు, ఏమన్నాడు. ఆమె చేతిరాత ఆగిన చోట నాది మొదలవుతుంది. ఇలాంటి పుస్తకాలున్న ఇళ్లు నాకు తెలిసే కొన్ని ఉన్నాయి. తెలుగు విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ చదివే పిల్లలుగానీ, మనోవైద్యంలో పీజీ చేసేవాళ్లుగానీ ఎవరైనా అడిగితే, రోగుల పేర్లు కొట్టేసి ఇవ్వడానికి మేం సిద్ధం. మా తమ్ముడిని కూడా అడిగాను. “ఇవ్వక్కా, కానీ తప్పులున్నాయి, నేను దిద్దుతాను” అన్నాడు. ఇప్పుడు వాడు రెండో పుస్తకం దిద్దుతున్నాడు.