గేరు పడకపోతే గేరుబాక్సే పోయినట్టా?

కోతల రోజుల్లో బండి ఆగితే రైతు పని ఆగినట్టే. వడ్లు కల్లంలో ఉంటాయి, పైన మబ్బు పట్టి ఉంటుంది, పాత పికప్ గేరు పడనని మొరాయిస్తుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఒక్క పూట ఆలస్యం ఎంత ఖరీదో ఆనాడు డెల్టా రైతు కళ్ళారా చూశాడు. ఆ తొందరే కొందరికి బేరమవుతోంది.

పోయిన కోతల్లో నా బండికీ ఇదే జరిగింది. ఏ గేరూ సరిగా పడదు, రివర్స్ వేస్తే కర్రుమంటుంది. ఒక షెడ్డులో చూసీ చూడగానే గేరుబాక్సు దించాలన్నారు. ఇంకో పెద్ద మేస్త్రీ ముందు క్లచ్ ఆయిల్ డబ్బా మూత తీశాడు. ఆయిల్ అడుగంటింది. కింది సిలిండరు కారుతోంది. వాషరు మార్చి, గాలి తీసి, ఆయిల్ పోశాడు. గేర్లన్నీ పడ్డాయి.

కాబట్టి షెడ్డుకు వెళ్ళే ముందు మనమే కొన్ని చూసుకుందాం. ఇంజిన్ ఆపితే గేర్లు తేలిగ్గా పడి, నడుస్తుంటే పడకపోతే ముందు క్లచ్‌ను అనుమానించాలి. మోత పెరిగినా లోడు బండి సాగకపోతే క్లచ్ ప్లేటు జారుతున్నట్టు. న్యూట్రల్‌లో వచ్చే శబ్దం పెడల్ తొక్కితే ఆగితే గేరుబాక్సు బేరింగు చూడాలి. తొక్కినప్పుడే వస్తే క్లచ్ బేరింగు. వేసిన గేరు దానంతటదే ఊడొస్తుంటే ముందు గేరు రాడ్లు చూసి, ఆ తర్వాతే బాక్సు విప్పించాలి. గేరు ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్ళు చేరినట్టే. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన బండ్లవాళ్ళు ఇది మరీ చూసుకోవాలి. ఆటోమేటిక్ గేర్ల బండైతే ముందు ఆయిల్ మట్టం, రంగు, మాడు వాసన చూడాలి.

ఆటోనగర్ మేస్త్రీలు మన శత్రువులు కారు. చేతులకు నూనె మరకలున్నవాళ్ళు మనలాంటి శ్రమజీవులే. అసలు తాళం కంపెనీల చేతుల్లో ఉంది. మాన్యువల్ బయటికి రాదు, విడిభాగం ధర ముందు తెలియదు.

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది. ముందుగా ఎంచుకున్న రంగాల్లో వ్యవసాయ పరికరాలూ ఉన్నాయి. ఆ డిసెంబరులో పోర్టల్ తెరిచారు. పోర్టల్ మంచిదే, కానీ అది చట్టం కాదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లో చట్టమే చేసింది. యంత్రాల కంపెనీలు మాన్యువళ్ళు, విడిభాగాలు, సాఫ్ట్‌వేర్ పనిముట్లు రైతుకూ, బయటి మెకానిక్కుకూ అందుబాటులో ఉంచాలని 2024 జనవరి 1 నుంచి అక్కడ అమలవుతోంది.

మనకూ అలాంటి చట్టం కావాలి. మాన్యువళ్ళు తెలుగులో కావాలి. విడిభాగాల ధరలు డీలరు గోడ మీద కనపడాలి. అది సాధించేలోపు ప్రతి గ్రామ శాఖా కోతలకు నెల ముందు ఒక రోజు మేస్త్రీని పిలిపించి ఊరి బండ్లన్నీ చూపించాలి. షెడ్డులో ఎస్టిమేటు కాగితం మీద రాయించుకోండి. తీసిన పాత సామాను అడిగి ఇంటికి తెచ్చుకోండి. అడగడం అవమానం కాదు, మన హక్కు.