పందెం జబ్బును కొలవాలి

మట్కా మొదట పత్తి ధరపై కాసిన పందెమే. న్యూయార్క్ నుంచి బొంబాయికి వచ్చే ఆ ధరల రాక 1961లో ఆగినా, జూదం ఆగలేదు. కర్నూలు జిల్లాలో పత్తి మార్కెట్‌కు పేరుపడ్డ ఆదోనిలో, చేనేతల ఎమ్మిగనూరులో మట్కా చీటీకి ఇప్పుడు ఫోన్‌లో క్రికెట్ బెట్టింగ్ తోడైంది. 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ జూదాన్ని, 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. కానీ పోలీసు కేసులు పట్టుబడినవారినే లెక్కిస్తాయి. కుర్రాడు ఏ వయసులో మొదలుపెట్టాడు, అప్పు ఎక్కడ తెచ్చాడు, పోయింది రాబట్టాలనే పంతంలో ఎంత కూరుకుపోయాడు? ఇవి తేలాలంటే పేర్లు అడగని సర్వే కావాలి. కర్నూలు వైద్య కళాశాల, రాయలసీమ విశ్వవిద్యాలయం కలిసి కళాశాలల్లో, మగ్గాల వీధుల్లో ఆ పని చేపట్టాలి. వివరాలు పోలీసులకు చేరవని జిల్లా యంత్రాంగం ముందే హామీ ఇవ్వాలి.