ఎర్రనేల దాటి కింబర్లీ తీరానికి

ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ‘ఘాన్’ రైలెక్కితే డార్విన్ 2,979 కిలోమీటర్లు. 1929లో ఆలిస్ స్ప్రింగ్స్ దాకా వచ్చిన ఈ రైలు డార్విన్ చేరింది 2004లోనే. ఒంటెలపై ఎడారికి సరుకు మోసిన ‘అఫ్ఘాన్ల’ పేరే దానికి పెట్టారంటారు. నిజానికి వాళ్లలో చాలామంది అప్పటి బ్రిటిష్ ఇండియా నుంచి వెళ్లినవాళ్లే. ఆ రైల్లో విందారగించే ప్రతి ఒక్కరికీ ఈ సంగతి తెలియాలి.

డార్విన్‌లో దిగి ఓడెక్కితే కింబర్లీ తీరం. అసలు వింత అక్కడుంది. ఆటుపోట్ల తేడా 10 మీటర్లు దాటుతుంది. నీరు తీస్తుంటే మాంట్‌గోమరీ రీఫ్ అనే పగడపు దిబ్బ సముద్రంలోంచి పైకి లేస్తున్నట్టే ఉంటుంది. దాని అంచుల నుంచి ఉప్పునీళ్లు సెలయేళ్లలా దూకుతాయి, చేపల కోసం కొంగలు వాలతాయి. రబ్బరు పడవలో దగ్గరగా వెళ్లి చూడొచ్చు. ఖర్చు లక్షల్లోనే. వెళ్లగలిగినవాళ్లు మే, సెప్టెంబరు మధ్య పొడికాలంలో వెళ్లండి. అసలు వింత అక్కడుంది కాబట్టే ఈ సంచికలో రైలుకంటే తీరానికే ఎక్కువ పేజీలిచ్చాం.