రైలు యాత్రలో ముందుచూపు

అపరిచిత దేశంలో రైలు యాత్ర తలపెట్టినవారిలో కొందరు ప్రతి గంటకూ ముందే కార్యక్రమం బిగించుకుంటారు. మరికొందరు అపరిమిత ప్రయాణపు పాసు కొని నిశ్చింతగా ఉంటారు. ఈ రెండు పద్ధతులూ సమంజసం కావు. ఇందుకు జపాను చక్కని ఉదాహరణ.

అక్కడ విదేశీ యాత్రికులకిచ్చే ఏడు రోజుల రైలు పాసు వెల 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుండి 50,000 యెన్లకు పెరిగింది. టోక్యో నుండి క్యోటోకు వెళ్ళి రావడానికి విడి టిక్కెట్లకయ్యేది సుమారు 28,000 యెన్లే. కనుక పాసు కొన్నవాడు పెట్టిన సొమ్ము గిట్టుబాటు కావడానికి ఊరూరా పరుగెత్తక తప్పదు. స్వేచ్ఛ కోసం కొన్నదే సంకెల అవుతున్నది!

బస స్థిరంగాను, దినచర్య మార్చుకొనే వీలుతోను ఉండాలని నా అభిప్రాయం. క్యోటోలో నాలుగు రాత్రులు బస ఏర్పరచుకుంటే నారా, ఒసాకా, హిమేజీలలో దేనికైనా రిజర్వేషను లేకుండానే సాధారణ రైలులో పోయి సాయంత్రానికి మరలి రావచ్చు. వాన కురిస్తే వరుస మార్చుకోవచ్చు. అయితే ఏప్రిల్ చివర, ఆగస్టు మధ్య, నూతన సంవత్సరపు సెలవులలో అతివేగపు నొజోమి రైళ్ళలో సీట్లన్నీ రిజర్వు చేసుకోవలసినవే.

విద్యార్థి మిత్రులారా! బసను, పండుగ దినాల సీటును ముందే స్థిరపరచుకొని, తక్కినది ఏ ఉదయానికాయుదయం నిర్ణయించుకొనేవాడే పరదేశాన్ని తనివితీరా చూడగలడు.