తోలు మనది, తన్నులు మనవి – రెండో అవకాశం మాత్రం దొరలదా?



సీమ మీద తీసే సినిమాల్లో ఒకటే తంతు. దొర నరుకుతాడు, ఆనక బాధపడతాడు. ఆ బాధ చూసి హాల్లో జనం కళ్లు తుడుచుకుంటారు. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చింది. పొరపాటున ఒక అమాయకుణ్ణి పొట్టన పెట్టుకున్న దొర, ఆ ఇంటికే కొడుకై నిలబడతాడు. 2002లో 'ఇంద్ర' వచ్చింది. దొర ఊరొదిలి కాశీలో టాక్సీ తోలుకుంటాడు. 2018లో 'అరవింద సమేత' వచ్చింది. తండ్రి చచ్చినాక కొడుక్కి కత్తి మీద విరక్తి పుడుతుంది. పశ్చాత్తాపం దొరది. మారి బతకడానికి దొరికే రెండో అవకాశమూ దొరదే. మరి వెనక జీపులో బాంబుల సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చున్నోడి సంగతేంది? వాడికి పేరుందా? వాడు రాత్రిపూట నిద్రపోతాడా లేదా అని ఏ డైరెక్టరన్నా అడిగినాడా?

వాడు మాకు తెలుసు. జమ్మలమడుగు పక్క, పులివెందుల పక్క పల్లెల్లో కూటాలకు పోయినప్పుడల్లా వాడు వెనక వరసలో గోడకానుకొని కూర్చొని ఉంటాడు. మాలపల్లెలోనూ ఉంటాడు, మాదిగపల్లెలోనూ ఉంటాడు. పద్దెనిమిదేండ్లకు అన్న పిలిచినాడని పోయినాడు. ఇప్పుడు నలభై దాటినాయి. కొట్టుకున్న రెండు వర్గాల పెద్దలూ రాజీ అయి, ఒకరి పెండ్లికి ఒకరు పోయి అక్షింతలేసి వచ్చినారు. కేసు మాత్రం వీడి నెత్తిన మిగిలింది. ఎలక్షన్ వచ్చిందంటే స్టేషన్‌కు పిలిచి బైండోవర్ చేస్తారు. ప్రొద్దుటూరులో బంగారంగడి ముందర కాపలా పని అడగబోయినా, నీ మీద కేసుందంట గదా అంటారు. కూటం అయిపోయినాక బీడీ ముట్టించుకొని ఇట్లాంటోడు ఒకడు మాతో చెప్పినాడు. జీపు వచ్చి నిలబడిన ఆ సాయంత్రం పల్లె పిల్లోళ్లంతా బీట్లో బంతి తన్నుకుంటాన్నారంట. ఆట సగంలో వదిలిపెట్టి ఎక్కినారంట. ఆ ఆట పూర్తి చేసింటే బాగుండు అన్నాడు. దొరల పశ్చాత్తాపానికి మూడు గంటల సినిమా. వీడిదానికి ఒక బీడీ కాలేంత సేపు!

నాగపూర్‌లో ఇట్లాంటి పిల్లోళ్ల కథే 2022లో 'ఝుండ్' అనే సినిమాగా వచ్చింది. తీసినాయన నాగరాజ్ మంజులే. షోలాపూర్ జిల్లాలో, రాళ్లు కొట్టే వడార్ కులంలో పుట్టినాడు. మనకాడ వడ్డెరోళ్లంటాం గదా, వాళ్లే. హిస్లాప్ కాలేజీలో ఆటల సారుగా చేసిన విజయ్ బార్సే, వానలో మురికివాడ పిల్లోళ్లు పగిలిన బకెట్టును తన్నుకుంటుంటే చూసి 2001లో వాళ్లకు బంతి ఇచ్చినాడు. అదీ మూలకథ. సినిమాలో వాడకూ కాలేజీకీ నడుమ గోడ ఉంటుంది. దొంగతనాలు, కొట్లాటలు చేసిన కుర్రోడు విదేశాల్లో ఆడబోవాలంటే పోలీసు కేసు అడ్డం పడుతుంది. ఒక ఆదివాసీ పిల్లకైతే తానెవరో చెప్పుకునే కాగితమే లేదు, తండ్రితో కలిసి ఆఫీసులు తిరగాల్సిందే. గోల్ కొట్టడం కంటే పాస్‌పోర్టు దొరకడమే కష్టం. ఇది చూసి మా పిల్లోళ్లు ఈలలేసినారు. మేమూ వేసినాం.

అయినా ఒక మాట అనాల. ఆ కథలో సారు చెయ్యి పట్టుకుంటేనే తలుపు తెరుచుకుంటుంది. అందుకు సారును తప్పు పట్టం. కానీ సారు లేని పల్లె గతేంది? ఉన్నోడొచ్చి ఎత్తుకుంటేనే మనం లేస్తామా?

ఇంకొకటి. ఫుట్‌బాల్ మనకు పరాయి ఆట కాదు. ఈ సీమలో కపిలబావుల తోలుబానలు కుట్టిందెవరు? డప్పుకు తోలు బిగించిందెవరు? 1947లో దేశం చీలినప్పుడు సియాల్‌కోట నుంచి జలంధర్‌కు తరలి వచ్చిన బంతుల పనిలో, ఇండ్లలో కూర్చొని ముప్పై రెండు ముక్కలు కలిపి కుట్టినోళ్లలో దళిత కుటుంబాలు ఎన్నో. సియాల్‌కోటలో పసిపిల్లోళ్లు కుడుతున్నారని లోకమంతా గగ్గోలు పుడితే, 1997లో గానీ కంపెనీలు ఒప్పందం రాసుకోలేదు. 1986 ప్రపంచకప్పు నుంచి తోలు పోయి సింథటిక్ బంతి వచ్చింది. తోలు తాకితే మైల అన్నోళ్లు ఆ తోలు బంతికి తల ఆనించి గోల్ కొట్టి కప్పులు ఎత్తుకున్నారు. అప్పుడు మైల యాడికి పోయిందో!

మా కార్యకర్తల్లోనే కొందరు అడుగుతున్నారు: భూమి పోరాటం ఇడిసిపెట్టి బంతి వెనక పరుగెత్తాలా అని. అన్నా, ఇది భూమి పోరాటమే. పిల్లోళ్లు ఆడే జాగా ఏది? ఊరి హైస్కూలు మైదానంలో మన పిల్లోళ్లది ఎప్పుడూ ఆఖరి వంతు. పల్లె పక్క పోరంబోకు చీనీతోటలో కలిసిపోయింది. మిగిలిన దాంట్లో గడ్డివాములు. శ్మశానం కూడా సగం దున్నేసినారు. ఆడుకునే జాగా లేని పల్లెలో జీపు వచ్చి నిలబడే జాగా మాత్రం ఎప్పుడూ ఉంటుంది! క్రికెట్‌కు బ్యాటు, ప్యాడ్లు, గ్లౌజులు కావాల. దీనికి ఒక బంతి, ఇరవైరెండు మంది, ఒక ఎకరానికి పైచిలుకు చదును నేల. పక్కన అనంతపురంలో, 1969లో ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్‌డిటి మన పల్లెల మొగపిల్లోళ్లతో, ఆడపిల్లలతో ఫుట్‌బాల్ ఆడించి చూపించింది. అనంతపురంలో అయినపని కడపలో ఎందుకు కాదు? ఆడపిల్లల మాట గట్టిగా అంటాన్నాం. వాళ్లను గట్టు మీద కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించే ఆట మాకొద్దు.

ఇక నవల సంగతి. మేము అడిగే నవలలో దొర ఉండడని కాదు, ఉంటాడు. కథ మాత్రం వెనక వరసలో బీడీ తాగేవాడిది. వాడి చేతిలో చచ్చినోడు కూడా ఇంకో పల్లె మాదిగోడో మాలోడో అయి ఉంటాడు. ఆ ఇంటి వాకిట్లోకి వాడు ఎట్లా పోతాడు? ఏం చెబుతాడు? ఆ తల్లి తలుపు తీస్తుందా? తీయకపోతే తీయకపోనీ, అట్లనే రాయండి. ఏడిపించి మాఫీ చేయించొద్దు. చనిపోయినోడి కొడుకూ వీడి కొడుకూ ఒకే జట్టులో ఆడాల్సి వస్తే ఎవడు ఎవడికి బంతి అందిస్తాడో అదీ రాయండి. కడుపు నిండినోడు దూరం నుంచి జాలిపడి రాస్తే అచ్చెయ్యం. పల్లెలో పుట్టినోళ్లు రాయండి. రాయలేనోళ్లు చెప్పండి, మేము వచ్చి రాసుకుంటాం.

వచ్చే సంచిక లోపల ప్రతి పల్లె సంఘం మాకు మూడు ముక్కలు రాసి పంపాల: మీ పిల్లోళ్లు ఆడే జాగా సర్వే నంబరెంత, అది ఇప్పుడు ఎవరి కబ్జాలో ఉంది, మీ పల్లెలో రౌడీషీటు ఉన్నోళ్లు ఎంతమంది. పేర్లు వద్దు, లెక్క చాలు. ఆ కాగితాలన్నీ కట్టకట్టి జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు ఎమ్మార్వో ఆఫీసుల ముందర పెడతాం. వచ్చేటప్పుడు బంతి కూడా తెచ్చుకోండి. ఆఫీసు ముందర ఖాళీ జాగా చానా ఉంది.

జై భీమ్!