కాలము తీరని యంత్రములు

మెదకు జిల్లాలో శంకరంపేటలు రెండు కలవు. ఒకటి పూర్వము అందోలు వైపునకు చెందినది గనుక దాని పేరు చివర ఆంగ్లాక్షరమైన ‘ఏ’ను, మరియొకటి రామాయంపేట వైపునకు చెందినది గనుక దాని చివర ‘ఆర్’ను తగిలించి సర్కారువారు వానిని వేరుపరచినారు. ఊరి పేరు చెప్పినంతనే “ఏ శంకరంపేట?” అని ఎదురు ప్రశ్న వచ్చుట ఇచ్చటి బస్సులలోను కచేరీలలోను నిత్యవ్యవహారము, అక్షరము తప్పిన దరఖాస్తు పొరుగుపేట చేరి అచ్చటనే నిద్రించును. ఇంత స్వల్పమైన గుర్తు ఇంతటి భేదము కలిగించునా యని వింతపడువారు, మన ఇండ్లలోని కంప్యూటర్లకు ఇప్పుడు జరుగుచున్న వర్ణవిభాగమును చూచినచో ఆ వింతను మరచిపోవుదురు.

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ పోషణ ముగిసినది. ఇండ్లలో వాడుకొనువారికి 2026 అక్టోబరు 13 వరకు రక్షణ సవరణల గడువు పొడిగింపబడినను, అది వాయిదాయే గాని విముక్తి కాదు. విండోస్ 11కు మారవలెనన్నచో, ఇంటెల్ ప్రాసెసరు సామాన్యముగా ఎనిమిదవ తరమునకు గాని అటు తరువాతి దానికి గాని చెందియుండవలెను. ఏడవ తరము వానిని, ఏవో కొన్ని మినహాయింపులు తప్ప, గడప దాటనీయరు. ఉత్తరము వ్రాయుటకు, లెక్క చూచుటకు, పిల్లవాని పాఠము వినుటకు సంబంధించినంతవరకు ఏడునకును ఎనిమిదికిని గల అంతరము, మా రెండు పేటల నడుమ కురియు వానలో గల అంతరము వంటిదే. ఈ ఒక్క కారణమున ప్రపంచమందు దాదాపు 24 కోట్ల కంప్యూటర్లు చెత్తపాలు కావచ్చునని కెనాలిస్ అను పరిశీలన సంస్థ 2023లోనే అంచనా వేసినది.

మా ఇంటి కంప్యూటరు 2017లో కొన్నది, ఏడవ తరముది. దానిని ఒక దుకాణమునకు తీసికొనిపోయి చూపగా, అచ్చటి కుర్రవాడు మూత విప్పకయే “సార్, ఇది ఇగ పనికిరాదు, కొత్తది తీసుకోండ్రి” అని తేల్చివేసినాడు. నాడి పట్టకుండ ఆయువు చెప్పు వైద్యునిపై కోపము వచ్చుట సహజమే గాని, పాపము, అతడు తయారీదారుల పట్టికలో నున్న మాటనే నాకు చదివి వినిపించినాడు. ఇంటికి తెచ్చి మీట నొక్కితిని, ఎప్పటివలెనే వెలిగినది.

ఇట్టి యంత్రములను, విండోస్ తీసి, ఉచితముగా దొరకు లినక్స్‌నకు మార్చి, అవి ఖాళీగా నుండు వేళలను శాస్త్రపరిశోధనలకు దానము చేయవచ్చునను మాట ఇటీవల తరచుగా వినబడుచున్నది. ఈ దానపద్ధతి మనకు క్రొత్త కాదు. ఇంటింట గృహిణి అన్నము వండుటకు ముందు పిడికెడు బియ్యము ఒక కుండలో వేసి, వారాంతమున వచ్చిన సంఘమువారికి ఇచ్చెడి ఆచారమును ఎరిగినవారికి దీని మర్మము వివరింపనక్కరలేదు: ఒక మహాగణితమును లక్షల తునుకలుగా చేసి, తునుకకొక కంప్యూటరు చొప్పున ఊరూరికి పంచి, సమాధానములను మరల ఒక చోట ప్రోగుచేయుట. ఇంటివాడు మీటలపై చేయి వేసినంతనే ఆ పని తనంతట తాను ప్రక్కకు తొలగును. చేయి తీసిన కొంతసేపటికి మరల మొదలగును.

కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమువారు 1999 మే 17న ఆరంభించిన సెటీ ఎట్ హోమ్ దీనిని లోకమునకు తెలిపినది. ఆకాశమునుండి వచ్చు రేడియో తరంగములలో బుద్ధిజీవుల పలుకేమైన నున్నదా యని ఇరువది యేండ్లకు పైగా లక్షలాది ఇండ్ల కంప్యూటర్లు వెదకినవి. అన్యలోకవాసి యొక్కడును నోరు విప్పలేదు; 2020 మార్చి 31న క్రొత్త పని పంచుట ఆపివేసిరి. కాని ఆ వెదకులాట కొరకు పుట్టిన ఉపాయమునుండియే బాయింక్ అను ఉచిత సాఫ్ట్‌వేరు వెలువడి, నేటికిని అనేక పరిశోధనలకు వాహనమై యున్నది. ఆ మార్గమున నడచు ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ 2010లో సెకనుకు దాదాపు నలుబదియొక్క మారులు తిరుగు ఒక పల్సరు నక్షత్రమును కనుగొనెను. దాని జాడ పట్టిన కంప్యూటర్లలో ఒకటి అమెరికాలోని ఏమ్స్ పట్టణమునందు, మరియొకటి జర్మనీలోని మైంజ్ నగరమునందు ఉండెను. ఇచ్చట గ్రహింపవలసిన సొగసు ఒకటి కలదు. ఎవరి ఇంటి యంత్రమో, ఎట్టి దుమ్ము పట్టినదో తెలియదు గనుక ఒక్కదాని మాట నమ్మరు. అదే తునుకను ఇద్దరికిచ్చి, ఇరువురి లెక్కయు కలిసిననే స్వీకరింతురు, కలియనిచో మూడవవానిని అడుగుదురు. మన పంచాయతీలలో సాక్షులను విచారించు పద్ధతియే ఇది. ముసలి యంత్రమునకు గౌరవస్థానము కల్పించినదియు ఇదియే.

2020 వసంతమున, కరోనా భయముతో లోకము తలుపులు మూసికొని కూర్చుండగా, ప్రోటీనుల మడతలను లెక్కించు ఫోల్డింగ్ ఎట్ హోమ్ నకు అసంఖ్యాకులు తమ కంప్యూటర్లను కలిపిరి. దాని సమష్టిశక్తి సెకనుకు ఒకటి ప్రక్కన పదునెనిమిది సున్నల గణితక్రియలను మించినది. ఏకైక సూపరు కంప్యూటరు ఒకటి అధికారికముగా ఆ మెట్టు నెక్కుటకు 2022 వరకు ఆగవలసి వచ్చెను.

ఇంతవరకు చదివినవారు, అట్లయిన అటుకపై నున్న ప్రతి పాత డబ్బాను దింపి వెలిగింపవలెనని నేను చెప్పబోవుచున్నాననుకొందురేమో. అట్లు చెప్పుట అసత్యమగును. మొదట, ముసలి యంత్రమునకు పనియే దొరకదు. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13, లినక్స్ కుటుంబములో మిక్కిలి ఓర్పుగల పెద్ద యని పేరొందినదైనను, 32 బిట్ల కంప్యూటర్లలో క్రొత్తగా నెలకొల్పు సదుపాయమును విడిచిపెట్టినది. యంత్రము బాగుగనే యున్నను నమ్మకపు పత్రముల గడువు తీరుట మరియొకటి: 2021 సెప్టెంబరు 30న అంతర్జాలములోని ఒక మూల ధ్రువపత్రమునకు కాలము చెల్లగా, సవరణలు అందని పాత సాఫ్ట్‌వేర్లు ఎన్నో తలుపు తట్టినను లోనికి పోలేక మరలినవి. పోషణ ఆగిన విండోస్‌తోనే అంతర్జాలమున దినమెల్ల నిలుపుట యన్నచో, వాకిలి తెరచి ఊరు పోవుటయే.

రెండవది కరెంటు. పాత డెస్క్‌టాపు ఒకటి విరామము లేక లెక్కలు చేయునప్పుడు నూరు వాట్లు తీసికొనునని అనుకొందము. దినమునకు 2.4 యూనిట్లు, నెలకు 72. తెలంగాణలో గృహజ్యోతి పథకమున 200 యూనిట్ల లోపు వాడు పేదయింటికి బిల్లు లేదు. నెలకు నూట నలుబది వాడుకొను సంసారి ఈ శాస్త్రసేవకు పూనుకొన్నచో, లెక్క 212కు చేరి మొత్తము బిల్లు నెత్తిన పడును. నక్షత్రము కనుగొన్న కీర్తి దూరదేశమునకు, బిల్లు శంకరంపేటకు! అదియును గాక, అదే కరెంటుతో క్రొత్త ప్రాసెసరు ఎన్నో రెట్లు ఎక్కువ లెక్క చేయును. కావున పదునైదేండ్లు దాటిన దానిని పట్టుదలకై రాత్రింబగళ్లు మండించుట శాస్త్రమునకు గాని భూమికి గాని ఉపకారము కాదు. దానిని ఈ-వ్యర్థములను లైసెన్సుతో గ్రహించువారికి అప్పగించుటయే మేలు.

నేను వాదించుచున్నది నడుమనున్న వాని పక్షమున: ఆరవ, ఏడవ తరముల కంప్యూటర్లు, 64 బిట్లవి, నిన్నటివరకు కచేరీలలో, బ్యాంకులలో, పాఠశాలలలో నిక్షేపముగా పనిచేసి, ఒక్క అంకె చాలనందున వేలమునకు పోనున్నవి. వీనిని తూకమునకు అమ్ముటకు ముందు లినక్స్ వేసి పాఠశాలలకును గ్రంథాలయములకును ఇప్పించు ఉత్తరువు ఒకటి జిల్లా స్థాయిలోనే వెలువడవచ్చును. సాఫ్ట్‌వేరునకు పైకము అక్కరలేదు. సర్కారు సంస్థయైన సీ-డాక్ వారి బాస్ లినక్స్ భారతీయ భాషలకు తోడ్పడునది, తెలుగులో లినక్స్‌ను తెచ్చుటకు హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు ఏండ్లుగా పాటుపడినారు. కొరత మనిషిది. 2008 ప్రాంతమున ఉమ్మడి రాష్ట్రములో 5000 ఉన్నత పాఠశాలలకు ఒప్పందపు పద్ధతిని కంప్యూటర్లు వచ్చి, ఐదేండ్ల ఒప్పందము తీరిన పిమ్మట ఎన్నో గదులకు తాళములు పడిన కథ ఉపాధ్యాయులకు గుర్తే. యంత్రముతో పాటు దానిని చూచుకొను వానికి జీతము వ్రాయని ఉత్తరువు నాకు వలదు.

1930లో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ తొలిసారి కూడిన జోగిపేట మా ప్రాంతములోనిదే. ఆనాటివారు ఒకరు చదివి విడిచిన పుస్తకమును మరియొకరి చేతికి చేర్చుటను తక్కువతనముగా తలపలేదు. గ్రంథాలయములు అట్లే నిండినవి. కందిలోని ఐఐటీలో పరమ్ సేవ అను సూపరు కంప్యూటరు ఉన్నది గదా, మా పిల్లల పాత డబ్బాతో నేమి పని యని అడుగువారు ఉందురు. పరమ్ సేవను మా పిల్లలు ముట్టుకొనలేరు. బడిలో పాఠమునకై ఎటులైన వెలుగుచుండు పది కంప్యూటర్లు, పాఠముల నడుమ ఖాళీలో ఒక నక్షత్రపు తునుకను లెక్కగట్టి పంపినట్లు తెరపై కనబడినప్పుడు తొమ్మిదవ తరగతి బాలిక అడుగు ప్రశ్నలకు బదులు చెప్పుటకు సిద్ధపడుట, ఆ లెక్కకంటె కష్టమైన పని.

మా యింటిలోని యంత్రమునకు దసరా సెలవులలో లినక్స్ వేసితిమి. మేము దానిని వాడుటకై వెలిగించిన వేళలలోనే, ప్రాసెసరు శక్తిలో సగమునకు మించకుండ కట్టడి చేసి, పల్సర్ల లెక్కకు అప్పగించినాము. మీటరు వద్ద మా ఆవిడ నెలనెల చదువు అంకెకు లోబడియే ఈ సేవ సాగవలెనని ఒడంబడిక. మొన్న ఒక తునుక ముగిసి పోయినది; రెండవ సాక్షి లెక్క ఇంకను రాలేదు. మెదకు ఎండలు తెలిసినవారము గనుక ఏప్రిల్, మే నెలలలో దానికి సెలవు.