ఊపిరి వేరు, గుండె వేరు



మన దేహంలోని అవయవాలను గురించి ప్రతి నెలా కొంచెం కొంచెంగా తెలుసుకుంటున్నాం. ఈ నెల పాఠం గుండె, ఊపిరితిత్తులు. ఇది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్న పాఠం.

కొన్నేళ్ల క్రితం మా మరిపెడలో, మగ్రిబ్ నమాజ్ కోసం వుజూ చేస్తున్న ఒక పెద్దాయన ఉన్నట్టుండి కుప్పకూలిపోయారు. అందరం చుట్టూ మూగాం. ఒకరు ముఖంపై నీళ్లు చల్లారు. మరొకరు అరికాళ్లు రుద్దారు. పిలిస్తే ఆయన పలకలేదు. కానీ నోరు తెరిచి, ఆగి ఆగి, గురక పెట్టినట్లు గాలి పీలుస్తున్నారు. "ఊపిరి ఆడుతోంది, భయం లేదు" అన్నాను. నా మాట విని అందరూ నెమ్మదించారు. కొద్ది నిమిషాలకు ఆ శబ్దమూ ఆగిపోయింది. ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు.

తరువాత పరిచయస్థుడైన ఒక వైద్యునికి జరిగింది చెప్పాను. "మౌలానా, అది ఊపిరి కాదు. గుండె ఆగిన తరువాత కూడా కొందరిలో కొద్దిసేపు అలాంటి ఎగశ్వాస కనిపిస్తుంది" అన్నారాయన. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గుండె మన పిడికిలంత ఉంటుంది. అందులో నాలుగు గదులు. పై రెండింటిని కర్ణికలు, కింది రెండింటిని జఠరికలు అంటారు. దేహమంతా తిరిగి వచ్చిన రక్తం కుడి భాగంలో చేరి, ఊపిరితిత్తులకు వెళుతుంది. అక్కడ ప్రాణవాయువును నింపుకొని ఎడమ భాగానికి చేరి, తిరిగి దేహమంతటికీ ప్రవహిస్తుంది. విశ్రాంతిలో గుండె నిమిషానికి సుమారు 70 సార్లు, అంటే రోజుకు దాదాపు లక్ష సార్లు కొట్టుకుంటుంది. నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తాన్ని నడిపిస్తుంది.

ఈ రెండూ కలిసి పనిచేసినా, వాటిని నడిపించే ఏర్పాట్లు వేరు. శ్వాస మెదడు అడుగుభాగంలోని మజ్జాముఖం ఆజ్ఞతో నడుస్తుంది. అయినా మనం కోరుకుంటే కొద్దిసేపు ఊపిరి బిగపట్టగలం. గుండె లయ మాత్రం కుడి కర్ణికలోనే ఉన్న లయారంభకం నుండి పుడుతుంది. మనం ఆపాలనుకున్నా అది ఆగదు.

ఈ సంబంధాన్ని గ్రహించడానికి మానవాళికి చాలా కాలం పట్టింది. రెండవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు జాలీనూస్, రక్తం గుండె మధ్యగోడలోని కంటికి కనిపించని రంధ్రాల గుండా కుడి నుండి ఎడమకు వెళుతుందని బోధించాడు. వెయ్యేళ్లకు పైగా ఆ మాటే చెల్లింది. 13వ శతాబ్దంలో కైరోలో వైద్యుడిగా పనిచేసిన ఇబ్నె నఫీస్, ఇబ్నె సీనా గ్రంథానికి వ్యాఖ్యానం రాస్తూ, ఆ గోడ దట్టమైనదని, దానిలో రంధ్రాలు లేవని, రక్తం ఊపిరితిత్తుల మీదుగానే ఎడమ వైపుకు చేరాలని స్పష్టం చేశారు. ఆయన 1288లో మరణించారు. ఈ వ్యాఖ్యానం ఆధునిక ప్రపంచం దృష్టికి వచ్చింది 1924లో, ముహియుద్దీన్ తతావీ అనే ఈజిప్టు వైద్యుడు బెర్లిన్ గ్రంథాలయంలో దాని ప్రతిని గుర్తించినప్పుడు. గురువులను గౌరవిస్తూనే వారి పొరపాటును సరిదిద్దడం ఎలాగో ఆయన చూపారు.

ఊపిరి ముందా, గుండె ముందా అన్న ప్రశ్న మన హైదరాబాదులోనూ పెద్ద చర్చకు దారితీసింది. శస్త్రచికిత్సలో మత్తు కోసం వాడే క్లోరోఫామ్ వల్ల కొందరు మరణించేవారు. ముందు ఆగేది శ్వాసా, గుండెా అని తేల్చడానికి 1888లో, మళ్లీ 1889లో హైదరాబాదు క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతియైన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ వీటికి మూలపురుషుడు. రెండవ కమిషన్ కోసం ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చారు. లండన్ నుండి లాడర్ బ్రంటన్ వచ్చారు. వందలాది జంతువులపై ప్రయోగాలు జరిపి, ముందు ఆగేది శ్వాసేనని, వైద్యుడు శ్వాసను కనిపెట్టి ఉంటే చాలునని తేల్చారు. కానీ 1911లో గుడ్‌మన్ లెవీ, తక్కువ మోతాదు క్లోరోఫామ్‌లో కూడా గుండె లయ తప్పి, ఉన్నట్టుండి ఆగిపోగలదని పిల్లులపై ప్రయోగాలతో నిరూపించాడు. శ్వాసను కనిపెట్టి ఉండాలన్న మాట మంచిదే. అదొక్కటే చాలుననుకోవడం పొరపాటు. ఆ సాయంత్రం నేను చేసిన పొరపాటూ అదే.

కనుక గుర్తుంచుకోండి. ఒక వ్యక్తి కూలిపోయి, భుజం తట్టి పిలిచినా పలకకుండా, ఊపిరి లేకుండానో, ఆగి ఆగి ఎగశ్వాసతోనో ఉంటే, గుండె ఆగిందనే భావించాలి. ఒకరు వెంటనే 108కి ఫోన్ చేయాలి. మరొకరు ఆయనను గట్టి నేలపై వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో అరచేతి మడమ ఉంచి, దానిపై రెండో చేయి వేసి, మోచేతులు వంచకుండా నొక్కాలి. పెద్దవారికి రెండంగుళాల లోతు, నిమిషానికి 100 నుండి 120 సార్లు. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. అలసిపోతే మరొకరు అందుకోవాలి. నోట్లో నీళ్లు పోయకూడదు. నాలుగైదు నిమిషాలు రక్తం అందకపోతే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అంబులెన్స్ వచ్చేదాకా ఆ రక్తాన్ని నడిపేది మన చేతులే.

కూలిపోయినది పరాయి స్త్రీ అయితే ఎలా అని ఒక విద్యార్థి అడిగాడు. ప్రాణాపాయం వచ్చినప్పుడు మామూలు నిషేధాలు సడలుతాయన్నది మన ఫిఖ్‌హ్‌లో స్థిరమైన సూత్రం. సంకోచిస్తూ నిలబడితే ఒక ప్రాణం పోవచ్చు.

ఆయుష్షు అల్లాహ్ చేతిలోనిదే. ఆ పెద్దాయన ఘడియ ఆ రోజే రాసి ఉందేమో! కానీ ఆ మాట నా అజ్ఞానానికి సాకు కాదు. ఒక ప్రాణాన్ని కాపాడటం మానవాళినంతటినీ కాపాడటంతో సమానమని దివ్య ఖుర్‌ఆన్ బోధిస్తుంది. వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించారు. ప్రయత్నం మన బాధ్యత, ఫలితం ఆయన నిర్ణయం.

ఇప్పుడు మా మదరసాలో పిల్లలు ఒక మూటపై ఛాతీ నొక్కడం సాధన చేస్తున్నారు. మీ ఇంట్లో కూడా ఈ శుక్రవారం, జుమా నమాజ్ తరువాత, అందరూ కూర్చొని ఒక దిండుపై సాధన చేయండి. అవసరం రాకూడదని దుఆ చేయండి. వస్తే మాత్రం మన చేతులు తడబడకుండా ఉండుగాక! ఆమీన్.